పదిహేనువందల ఎనభై

తొలకరి పడిన నాలుగో రోజు
క్యాంటీన్ లింగమ్మక్క సెలవు చీటీ కూడా రాయకుండా
వజ్రకరూరు చేలకు పోయింది,
ఎర్రమట్టిలో వంగి వంగి
వాన కడిగిన రాళ్లను ఒక్కోటీ ఎండకెత్తి చూసుకునేదానికి.

నేను అనంతపురంలో
కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో
రెండు వజ్రాలను ముక్కుకు ముక్కు ఆనించి కూర్చున్నా.
ఒక్కోటీ జొన్నగింజంత.
మధ్యన స్టీలు రేకు, రేకులో సూదిబెజ్జం,
బెజ్జంలో చుక్క స్పిరిటు, కెంపు నలుసొకటి,
సిలికాన్ పెచ్చు మీద
పెన్సిలు ముల్లు నుంచి టేపుతో ఒలిచి ఒలిచి
ఇంక ఒలిచేదానికి వీల్లేని గ్రాఫీన్ పొర.

ఒలవడం నాకు కాలేజీ నేర్పలేదు.
బేతంచెర్ల గనిలో మా దస్తగిరి మామ
బండ అంచున ఉలి పెట్టి, చెవి ఆనించి,
ఒక్క దెబ్బ వేసేవాడు.
"పొర యాడుందో రాయే చెప్తాది పాపా.
బలమున్నోడు ముక్కలేరుకుంటాడు,
విన్నోడు బండ మోసకపోతాడు."
ఆయన బండ మందం అంగుళం.
నాది ఒక్క అణువు.
దానికి లోపల అనే మాటే లేదు.

పోయే ముందురోజు టీ గ్లాసు పెట్టి
అక్క అడిగింది:
"ఇవి నిజం వజ్రాలేనా?"
"నిజమే."
"వీటితో ఏం నొక్కుతాండావు?"
"పెన్సిలు పొట్టు."
చాలాసేపు నా మొహం చూసి
"దీనికి జీతం కూడా ఇస్తాండారు కదబ్బా" అని
ఖాళీ గ్లాసులు ఎత్తుకుపోయింది.

రెండూ ఒకే ఇంటివని చెప్పలేదు ఆమెకు.
నలుగురితో చేతులు కలిపితే అది వజ్రం,
ముగ్గురితో కలిపి
నాలుగోది ఊరికే పెట్టుకుంటే ఇది.

స్క్రూ పావు తిప్పుతా.
కెంపు ఎర్రగా వెలిగి లెక్క చెప్తుంది: ఒక గిగాపాస్కల్.
మనమీద ఉండే గాలికి పదివేల రెట్లు
ఆవగింజ పట్టని చోట.
పచ్చ లేజరు వేసి అడుగుతా: ఎట్లుండావు?
తెరమీద గీత లేస్తుంది.
ఉట్టప్పుడు దాని చోటు పదిహేనువందల ఎనభై.
నొక్కేకొద్దీ కుడికి జరుగుతుంది.
ఎనభై అయిదు. తొంభై మూడు. పదహారువందల రెండు.
బంధాలు పొట్టివై బిగుస్తాయి,
జమిడిక తీగ లాగితే గొంతు పైకెక్కినట్టు.

చిరగదు.
కింది పెచ్చు కుంచించుకుంటే
పట్టున్నంతవరకు దాంతోపాటే కుంచించుకుంటుంది,
పట్టు తప్పిన చోట చిన్న ముడతేసుకుంటుంది.
దానికి తెలిసిన విద్య ఆ రెండే.

ఎడమ పక్కన ఇంకో గీత ఉంటుంది.
మూడేళ్లుగా దాన్ని కొట్టేసి లెక్కలు వేస్తున్నా.
పదమూడువందల ముప్పైరెండు, వజ్రానిది.
ఈ రాత్రి చూస్తే అదీ జరిగింది,
ఒక పక్కకు వాచి, వెడల్పై.
నొక్కేదాని ఒంటిమీద కూడా
నొక్కుడు రాసే ఉంది.
ఆ అంకె నన్నెవరూ అడగరు.
నోట్‌బుక్ వెనకపేజీలో రాసుకున్నా,
పెన్సిలుతోనే.

ఏడు దగ్గర కరెంటు పోయింది.
తెర ఆరింది, ఫ్యాను ఆగింది, లేజరు చచ్చింది.
చీకట్లో స్క్రూలు మాత్రం వదల్లేదు.
నేను కొంగుతో విసురుకుంటా కూర్చున్నా,
నాకూ దానికీ మధ్య చెప్పుకునేదానికి దీపం లేక.

మూడో రోజు లింగమ్మక్క వచ్చింది,
మోకాళ్లదాకా ఎర్రమట్టి.
కొంగుముడి విప్పి బల్లమీద పెట్టింది.
"సూడు."
చూశా. నాలుగువందల అరవైనాలుగు.
పలుగురాయి.
చెప్పేసరికి కొంచెం ఆలస్యం చేశా.
"సర్లే" అంది. తుడిచి మళ్లీ ముడేసుకుంది.
"ఈ తూరి వాన గట్టిగా పడలే."

ఆమె నిలబడి ఉండగానే
స్క్రూలు వెనక్కి తిప్పా, ఒక్కోటీ, ఒక్కోటీ.
గీత వచ్చిన దారినే నడిచింది.
పదహారువందలు. తొంభై. ఎనభై ఆరు.
ఎనభై రెండు దగ్గర ఆగింది.
మళ్లీ కొలిచా. అక్కడే.

"నొప్పి తగ్గిందా దానికి?"
అక్క నా భుజం మీదనుంచి అడిగింది.
"ఇంకో రెండుంది" అన్నా.